ఆరేళ్ల తర్వాత మా ఫోర్ వీల్ డ్రైవ్ క్యాంపర్: మినుకుమన్న ఆ పచ్చ దీపం

మా క్యాంపర్ వ్యాన్‌లో గేర్ రాడ్ పక్కన ఒక గుండ్రటి నాబ్ ఉంది. ఎడమకి తిప్పితే వెనక రెండు చక్రాలే లాగుతాయి. మధ్యలో పెడితే నాలుగూ లాగుతాయి. బండి ఆపి, న్యూట్రల్‌లో వేసి, నొక్కి కుడికి తిప్పితే లో రేంజ్, అంటే గేర్లన్నీ బాగా నెమ్మదించే అమరిక. ఆరేళ్ల కింద ఈ నాబ్ కోసమే చేతికందిన టూ వీల్ డ్రైవ్ మోడల్ వదులుకుని, మూడు నెలలు ఎదురుచూసి, పైన ఇంకా డబ్బు పోసి దీన్ని కొన్నాను. ఇప్పటికి 74 వేల కిలోమీటర్లు తిరిగాం. మొన్న డైరీ తిరగేసి లెక్కపెడితే, నిజంగా అవసరమై ఆ నాబ్ తిప్పింది పద్నాలుగు సార్లు. అందులో ఒకసారి అది పనిచేయలేదు. నేనిది రాస్తున్నది ఎక్కువగా ఆ ఒక్కసారి గురించే.

మూడో ఏడాది మాట. ఒక చెరువు పక్కన పచ్చిక మీద రాత్రికి మకాం వేశాం. నేల గట్టిగానే ఉంది, సాయంత్రం చెప్పులతో తిరిగితే అచ్చు కూడా పడలేదు. అక్కావాళ్లు కూడా వాళ్ల వ్యాన్‌లో వచ్చారు. వాళ్లది ముందు చక్రాలు లాగే బండి. బావ అసలు కిందికి దిగనే లేదు. పైన కంకర నేల మీద, ముక్కు రోడ్డు వైపు పెట్టి ఆపుకున్నాడు.

"రాత్రి వాన పడితే ఎలా రా?" అన్నాడు.

"నాకు ఫోర్ వీల్ ఉందిగా బావా" అన్నాను. అప్పటికి మూడేళ్లుగా ఎవరు ఏమడిగినా నేను చెప్తున్న జవాబు అదే.

వాన రాత్రి రెండింటికి మొదలై తెల్లారేదాకా పడింది. పొద్దున బయల్దేరదామంటే, పైకి వెళ్లాల్సిన దారి పెద్ద ఎత్తేమీ కాదు, నడిచి ఎక్కితే ఆయాసం కూడా రాదు. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి పచ్చికని నున్నగా తోమేశాయి. సరే, దీనికోసమే కదా కొన్నది అనుకుంటూ, కొంచెం గర్వంగానే, నాబ్ తిప్పాను.

మీటర్ దగ్గర పచ్చ దీపం మినుకుమనడం మొదలుపెట్టింది. ముందు ఇరుసు కలిస్తే అది నిలకడగా వెలగాలి. మినుకుమంటోందంటే ఇంకా కలవలేదని. బండి ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదిపితే పళ్లు కూర్చుంటాయని తెలుసు కాబట్టి కదిపాను. మళ్లీ కదిపాను. కదిపిన ప్రతిసారీ వెనక చక్రాలు ఇంకో అర అంగుళం దిగాయి. దీపం మాత్రం మినుకుతూనే ఉంది. ఇంజన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, నాబ్ అటూ ఇటూ తిప్పి చూశాను. పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేస్తే బాగుండేది.

టెన్షన్‌లో నాకు తట్టిన మొదటి ఉపాయం నీళ్ల ట్యాంకు ఖాళీ చేయడం. 90 లీటర్లు, అంటే 90 కిలోలు తగ్గుతుంది కదా అని కుళాయి తిప్పబోతుంటే బావ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ట్యాంకు ఉన్నది వెనక ఇరుసు మీద. ఇప్పుడు నీకు లాగుతున్నవి వెనక చక్రాలే. ఆ బరువు తీసేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది." నిజమే. ఆ బరువే ముందు చక్రాల బండిలో అయితే పనికిరాకపోగా అడ్డం. ఎత్తెక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికైపోతాయి. అందుకే బావ తడి పచ్చిక మీద ఎత్తుకి ఎప్పుడూ రివర్స్‌లోనే ఎక్కిస్తాడు. అప్పుడు ముందు చక్రాలు పల్లం వైపు ఉంటాయి, బరువు వాటి మీదికి వస్తుంది. టూ వీల్ బండి నడిపేవాళ్లకి ఇలాంటివి పది తెలుసు. నాకు ఒక్క నాబ్ తిప్పడం తెలుసు.

బురదలో చక్రాల కింద వేసే ప్లాస్టిక్ పలకలు ఉన్నాయా అని అడిగాడు. లేవు. ఎందుకు లేవో చెప్పలేదు, అతనూ అడగలేదు. పార ఉంది. చక్రాల ముందు మట్టిని ఏటవాలుగా తవ్వి, రబ్బరు మ్యాట్లు వేశాం. మొదటి మ్యాటుని చక్రం నమిలి వెనక్కి ఉమ్మింది. అది ఎగిరి వెనక నిలబడ్డ మా అక్క మోకాలికి తగిలింది. బండిని తోసేటప్పుడు సరిగ్గా చక్రం వెనక నిలబడకూడదని ఆ రోజు నేర్చుకున్నాం. మ్యాటు మీద టైరు అచ్చు ఇప్పటికీ అలాగే ఉంది. సింకు కింద పరిచాం దాన్ని.

చివరికి బండిని బయటపడేసింది టైర్లలో గాలి తీయడం. మా వెనక టైర్లు రోడ్డు మీద 55 పీఎస్‌ఐ. వాల్వ్ మధ్యలో ఉండే చిన్న పిన్నుని తాళంచెవి కొనతో నొక్కి పట్టుకుని, నిమిషానికోసారి గేజ్ పెట్టి చూస్తూ, నాలుగింటినీ 26కి తెచ్చాం. వేలికొన చల్లబడి మొద్దుబారింది. గాలి తగ్గితే టైరు అడుగుభాగం పొడవుగా నేల మీద పరుచుకుంటుంది. పొట్ట కొంచెం ఉబ్బినట్టు కనబడుతుంది, చూస్తే భయం వేస్తుంది గానీ మెల్లగా నడిపినంతసేపు ఏమీ కాదు. సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా, క్లచ్ నెమ్మదిగా వదిలితే ఒకసారి ఇంజన్ ఆగిపోయింది. రెండోసారి కదిలింది. కదిలాక ఆపకుండా కంకర దాకా పోనిచ్చాను. అదంతా టూ వీల్ డ్రైవ్‌లోనే జరిగింది. దీపం అప్పటికీ మినుకుతూనే ఉంది.

తర్వాత చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ గాలి నింపడానికి గంట పైనే పట్టింది. ప్రతి టైరుకీ మధ్య అది చల్లారేదాకా ఆగాలి, చేత్తో ముట్టుకోలేనంత కాలిపోతుంది. కొనేవాళ్లు దీంట్లో పిసినారితనం చేయకండి. నేను చేశాను.

ఇంతకీ లోపం ఏమిటంటే, ముందు ఇరుసుని కలిపే చిన్న మోటారు లోపల కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మెకానిక్ విప్పి చూపించాడు, గోధుమరంగు పొడి రాలింది. "ఇది ఎప్పుడు వాడారు సార్ చివరిసారి?" అన్నాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు. మాన్యువల్ తెరిచి చూస్తే నల్లటి అక్షరాల్లోనే ఉంది: ముందు ఇరుసు భాగాలకి నూనె అందాలంటే నెలకి కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపాలి. మూడేళ్లలో ఆ పేజీ నేను తెరిచింది లేదు. అమ్మిన చోట కూడా ఎవరూ ఆ మాట అనలేదు. సన్‌రూఫ్ ఎలా తెరవాలో మాత్రం ఇరవై నిమిషాలు చూపించారు. కొత్త మోటారు వచ్చేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది.

అప్పటినుంచి నెలలో మొదటి ఆదివారం ఫోన్‌లో గుర్తు పెట్టుకుని బండిని మట్టి దారి మీదికి తీసుకెళ్తాను. పిల్లలు దాన్ని బండికి ఎక్సర్‌సైజ్ అంటారు. మట్టి దారే ఎందుకంటే, మాలాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌ని పొడి తారు రోడ్డు మీద నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే దూరం పోవు. ఆ తేడాని సర్దే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, మధ్యలో లేదు. ఒకసారి తీసేయడం మర్చిపోయి పార్కింగ్‌లో మలుపు తిప్పితే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు కుదుపులు, టైర్ల కీచుమన్న చప్పుడు. ఆ తర్వాత నాబ్ తిప్పినా వెంటనే విడిపోలేదు. కొంచెం రివర్స్ చేస్తే లోపల టక్కుమని వదిలింది.

మొదటి ఏడాది ఈ బండి గురించి అడిగినవాళ్లందరికీ "కొంటే ఫోర్ వీలే కొనండి" అని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం సర్దుతాను. నాలుగు చక్రాలూ లాగుతాయన్న మాట పూర్తిగా నిజం కాదు. ఇరుసుల్లో మామూలు డిఫరెన్షియల్ ఉంటే, ఏ చక్రానికి పట్టు లేదో అదే తిరుగుతుంది, దాని జోడీ ఊరుకుంటుంది. ఎండిన వాగు దాటుతూ ఒక గట్టు మీద మూలగా ఎక్కినప్పుడు ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం దాదాపు గాలిలోకి లేచాయి. ఆ రెండే గిర్రున తిరిగాయి, మిగతా రెండూ కదల్లేదు. వెనక ఇరుసుకి డిఫ్ లాక్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించేది) ఉన్న టూ వీల్ బండి అక్కడ నాకంటే నయంగా దాటేదేమో. ఇంకొకటి, నాలుగు చక్రాలూ లాగినా ఆగడంలో ఏ తేడా లేదు. బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. జారే రోడ్డు మీద ఎక్కించగలిగిన ధైర్యంతో దిగబోయి భయపడ్డ సందర్భం నాకూ ఉంది. అక్కడ పని చేసేది టైరే.

ఇక నేను ఊహించని సంతోషం లో రేంజ్. కొనేటప్పుడు దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. గేర్లన్నీ సుమారు రెండున్నర రెట్లు నెమ్మదిస్తాయి, అంతే. కానీ మూడు టన్నుల బండిని, లోపల వంటగిన్నెలతో సహా, రాళ్ల దారిలో కిందికి దించేటప్పుడు ఫస్ట్‌లో వేసి రెండు పాదాలూ నేలకి ఆనించి కూర్చోవచ్చు. ఇంజనే పట్టుకుని మనిషి నడక వేగంతో దింపుతుంది. అంతకుముందు ఇలాంటి దిగుడు తర్వాత కిటికీ తెరిస్తే బ్రేకు కాలిన వాసన వచ్చేది. ఇప్పుడు అరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా ఉండదు. ఇంకో ఉపయోగం ఎవరూ చెప్పరు. రాత్రి పడుకునే ముందు బండి సమంగా ఉండాలని చక్రాల కింద ఏటవాలు దిమ్మలు పెడతాం కదా. మామూలు గేర్‌లో వాటి మీదికి ఎక్కించాలంటే క్లచ్ సగం కాలుతుంది, లేదా ఒక్కసారిగా ఎక్కి అటువైపు దిగిపోతుంది. లో రేంజ్‌లో అంగుళం అంగుళం ఎక్కి, "ఆగు" అనగానే ఆగుతుంది. ఆ పద్నాలుగు సార్లలో ఇవి కలపలేదు. కలిపితే లెక్క నాకు అనుకూలంగా మారుతుందని తెలుసు, అందుకే కలపలేదు.

దీనికోసం వదులుకున్నవి కూడా చెప్పాలి. మా బండి ఇదే టూ వీల్ మోడల్ కంటే సుమారు 130 కిలోలు ఎక్కువ. అనుమతించిన మొత్తం బరువు మాత్రం రెండింటికీ ఒకటే, కాబట్టి ఆ 130 మన సామానులోంచే పోతుంది. మేము పైకప్పు మీద పెట్టాలనుకున్న పెట్టె మానేశాం, నీళ్ల ట్యాంకు చిన్నది పెట్టించాం. డీజిల్ వంద కిలోమీటర్లకి ఒక లీటరు ఎక్కువే తాగుతుంది. బండి ఎత్తు పెరిగింది, అమ్మకి ఎక్కడం కష్టమైంది. విడిగా ఒక మెట్టు కొన్నాం. అది ఎక్కడైనా దిగితే అక్కడే మర్చిపోతాం.

ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి సర్దుకునే ఆల్ వీల్ డ్రైవ్ తీసుకుంటే నాబ్ బాధ లేదు, పొడి రోడ్డు బాధా లేదు. కానీ వాటిలో చాలావాటికి టైర్లు నాలుగూ ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి. స్నేహితుడొకడు చిరిగిన ఒక్క టైరు స్థానంలో కొత్తది వేసుకుని నెలల తరబడి తిరిగాడు. చుట్టుకొలతలో తేడా వల్ల, రెండు ఇరుసుల మధ్య శక్తిని పంచే కప్లింగ్ ఎప్పుడూ పని చేస్తూనే ఉండి వేడెక్కి పాడైంది. అతను నా తుప్పు కథ విని నవ్వడు.

ఇప్పుడు కొనాల్సి వస్తే? మేము ఏడాదికి ముప్పై, నలభై రాత్రులు బయట ఉంటాం, అందులో ఎక్కువ పొడి నేల మీదే. ఆ లెక్కన వెనక చక్రాల బండి, దానికి డిఫ్ లాక్, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు, నాణ్యమైన కంప్రెసర్, రెండు పలకలు. పద్నాలుగులో పది సందర్భాలు వాటితో గడిచిపోయేవని అనుకుంటున్నాను. మంచులోనో ఇసుకలోనో నెలల తరబడి ఉండేవాళ్లయితే నా లెక్క వాళ్లకి వర్తించదు. కానీ లో రేంజ్ రుచి చూశాక, అది లేని బండికి నేను నిజంగా మారతానా అంటే చెప్పలేను. మా ఆవిడని అడిగితే బండి మార్చక్కర్లేదు, మాన్యువల్ చదివితే చాలు అంటుంది.

పోయిన ఆదివారం మళ్లీ వాన. మట్టి దారి మొదట్లో నాబ్ తిప్పితే దీపం రెండుసార్లు మినుకుమని నిలబడింది. సాయంత్రం బావ ఫోన్ చేశాడు. వచ్చే నెల కొండ దిగే దారి ఒకటి చూశాడట, బండి ఒక్కరోజు ఇస్తావా అని.