భోజనం తర్వాత చేదు గ్లాసు: ఆల్కహాల్ లేకుండా ఏది మేలు?

ఇటలీలో ఎవరైనా భోజనానికి పిలిస్తే కాఫీతో అయిపోయిందనుకోకూడదు. టురిన్‌కి వచ్చిన కొత్తలో నేను అలాగే అనుకుని కుర్చీలోంచి లేవబోయాను. అంతలో ఇంటాయన అలమారలోంచి నల్లటి సీసా దించి, చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టాడు. తిన్నది అరగడానికి తాగేది కాబట్టి దాన్ని దిజెస్తీవో అంటారు. కాఫీ తర్వాత వస్తుంది కాబట్టి 'అమ్మాజ్జకఫే', అంటే కాఫీని చంపేది, అనే ముద్దుపేరూ ఉంది. సీసాలో ఉండేది అమారో. ఆ మాటకి అర్థం చేదు, అంతే.

ఊరికో అమారో. మిలాన్‌లో 1845లో పుట్టిన ఫెర్నెట్-బ్రాంకాలో 27 రకాల మూలికలు పడతాయి, ఆల్కహాల్ 39 శాతం, ఇంచుమించు విస్కీ అంత. సిసిలీ వాళ్ల అవెర్నా 1868 నాటిది, 29 శాతం. బొలోన్యా వాళ్ల మోంటెనెగ్రో 23 శాతం. చేదు తక్కువ, నారింజ వాసన ఎక్కువ. నేను మందు మానేసి రెండేళ్లయింది. ఆల్కహాల్ పోయినందుకు బాధ లేదు కానీ ఆ చేదు మాత్రం గుర్తొస్తూ ఉంటుంది. కాకరకాయ పులుసులో బెల్లం ఎక్కువైతే గొడవపడే ఇంట్లో పెరిగినవాణ్ణి మరి.

'ఆల్కహాల్ లేకపోతే అరుగుదల ఎలా?' అని అడిగే ఇటాలియన్ స్నేహితులు నాకున్నారు. దీన్ని స్విట్జర్లాండ్‌లో నిజంగానే పరీక్షించారు. 20 మందికి కరిగించిన చీజ్ తినిపించి, కొన్నిసార్లు వైను, కొన్నిసార్లు బ్లాక్ టీ ఇచ్చి చూశారు. ఆల్కహాల్ తాగినప్పుడే కడుపు ఖాళీ కావడానికి ఎక్కువసేపు పట్టింది. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఆ ఫలితం. కాబట్టి అరుగుదల కోసమే అయితే ఆల్కహాల్ లేదని దిగులు పడక్కర్లేదు.

చిక్కంతా రుచి దగ్గరే. వేర్లు, బెరళ్లు, తొక్కల్లోని నూనెల్ని ఆల్కహాల్ లాగినంత బాగా నీళ్లు లాగలేవు. గొంతులో దిగే ఆ వెచ్చదనం, నాలుక మీద ఆ చిక్కదనం కూడా దాని చలవే. అది తీసేస్తే మిగిలేది పల్చటి కషాయం. ఆ లోటు పూడ్చడానికి తయారీదార్లు పంచదార, గ్లిజరిన్ పోస్తారు, కొందరు మంట కోసం అల్లమో మిరపో కలుపుతారు. ఎవరు ఎంత నేర్పుగా కలిపారన్నదే తేడా.

సూపర్ మార్కెట్‌లో ముందు కంటబడేవి క్రొదీనో, సాన్‌బిత్తేర్. గుక్కెడు పట్టే బుల్లి సీసాలు, ఒకటి నారింజ రంగు, ఇంకోటి ఎర్రటి ఎరుపు. పైగా ఆల్కహాల్ లేదని సీసా మీదే రాసి ఉంటుంది. వాటితో నాకు పేచీ లేదు, కాకపోతే అవి భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి తాగేవి. అన్నం తిన్నాక అలాంటివి తాగితే మళ్లీ మొదటికొచ్చినట్టు ఉంటుంది. వీటిని పక్కన పెట్టేయండి.

కినోట్టో సంగతి వేరు. లిగూరియా తీరంలో సవోనా దగ్గర పండే చిన్న చేదు నారింజ పేరది. ఆ పండుతో చేసే సోడా చూడ్డానికి కోలాలాగే నల్లగా ఉంటుంది. మొదటి గుక్కలో తీపి, మింగాక నాలుక వెనక సన్నటి చేదు. మొదటిసారి తాగినవాళ్లలో సగం మంది మొహం చిట్లిస్తారు, మిగతా సగం ఇంకోటి తెమ్మంటారు. చవక, ప్రతి బార్‌లో దొరుకుతుంది, పిల్లలకీ ఇవ్వొచ్చు. లోపం తీపే. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని కోలాకి సమానంగానే చూడాలి. నేనైతే చిన్న గ్లాసులో సగం కినోట్టో, సగం ఉట్టి సోడా పోసి, నారింజ తొక్క పిండి వదిలేస్తాను. అప్పుడు అమారోకి చుట్టమే అనిపిస్తుంది, కాస్త దూరపు చుట్టం.

అసలు అమారోకే ఆల్కహాల్ లేని రకాలు ఈ మధ్య వస్తున్నాయి. బాజిలికాతా ప్రాంతంలో 1894 నుంచి అమారో చేస్తున్న లూకానో వాళ్ల జీరో అలాంటిదే. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే పాత్‌ఫైండర్ అనేది దొరుకుతుంది. లూకానో జీరో వాసనలో అసలు దానికి బాగా దగ్గర. మింగాక వెనక నుంచి రావాల్సిన వేడి మాత్రం రాదు. ఐసు వేస్తే ఆ వెలితి అంతగా తెలియదు. ఆల్కహాల్ లేదు కదా అని చవగ్గా వస్తుందనుకోవద్దు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. అమారోలాగా అలమారలో ఏళ్ల తరబడి ఉంచితే పాడవుతుంది.

సోడాలో నాలుగు చుక్కలు అంగోస్తూరా బిట్టర్స్ (చుక్కల లెక్కన వాడే చేదు మూలికల సారం) వేసుకుని 'ఇది నాన్-ఆల్కహాలిక్' అనేవాళ్లుంటారు. ఆ సీసాలో ఉన్నది 44.7 శాతం. చుక్కలే కాబట్టి గ్లాసులోకి చేరేది చాలా తక్కువ, నిజమే. కానీ మతం వల్లో, మందుల వల్లో, పాత అలవాటు భయం వల్లో చుక్క కూడా వద్దనుకునేవాళ్లకి చెప్పకుండా పోయడం తప్పు.

ఇక ఇంట్లో చేసుకునేది. చాలా అమారోల్లో చేదుకి మూలం జెన్షియన్ అనే కొండ మొక్క వేరు. అందులోని అమరోజెంటిన్‌ని 5.8 కోట్ల వంతుల నీళ్లలో కలిపినా చేదు తెలుస్తుందట. మన ఆయుర్వేద మందుల్లో వాడే చిరాయత కూడా అదే కుటుంబం, ఈ పదార్థం దాంట్లోనూ ఉంది. నేలవేముకి మాత్రం దీనితో చుట్టరికం లేదు, చేదులో పోటీ అంతే. ఇక్కడి మూలికల కొట్లో ఎండు వేరు ముక్కలు అమ్ముతారు. మొదటిసారి నేను చెంచాడు వేసి మరిగించాను. ఆ రాత్రి పళ్లు తోముకున్నాక కూడా చేదు పోలేదు. ఇప్పుడు గ్లాసున్నర నీళ్లకి ఒక్క గ్రాము, ఎండు నారింజ తొక్క, అర చెంచా సోంపు. చిక్కదనం కోసం పంచదారని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాచి అందులో కలుపుతాను. పది నిమిషాలు సన్నసెగ మీద, వడగట్టి, చల్లారాక చిన్న గ్లాసులో. ఇంత చేదు, ఇంత తక్కువ ఖర్చుతో, ఏ కొన్న సీసాలోనూ రాలేదు. కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. కొండల్లో కనబడింది కదా అని వేరు తవ్వుకోనూ కూడదు; జెన్షియన్‌లాగే కనిపించే విషపు మొక్క ఒకటి దాని పక్కనే పెరుగుతుంది.

పోయినేడు మా అత్తగారు వచ్చినప్పుడు పక్కింటి ముసలావిడ ఇవేవీ కాకుండా కనరీనో పెట్టి ఇచ్చింది. వేడినీళ్లలో నిమ్మతొక్క, అంతే. కనరీనో అంటే కానరీ పిట్ట, ఆ పసుపు రంగుని బట్టి ఆ పేరు. అత్తగారు ఒక గుక్క తాగి "దీంట్లో జీలకర్ర వెయ్యడం మర్చిపోయినట్టున్నారు" అన్నారు. చేదు దాదాపు లేదు, కానీ బరువుగా తిన్న రోజు కడుపుకి దీనంత హాయి మిగతావాటిలో లేదు.

మొత్తానికి ఇంట్లో నాకు జెన్షియన్ కషాయం, అతిగా తిన్న రాత్రి కనరీనో, బయట బార్‌లో కినోట్టో. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మాత్రం లూకానో జీరో సీసా పట్టుకెళ్తాను. కషాయం తీసుకెళ్తే ఒంట్లో ఏం బాగాలేదోనని వాళ్లు కంగారు పడతారు.