చైనా షేర్లు: షాంఘైలో కొనడం మేలా, హాంకాంగ్‌లోనా, న్యూయార్క్‌లోనా?

2007 అక్టోబరులో షాంఘై కాంపోజిట్ సూచీ 6,124ను తాకింది. ఆ తర్వాత డాలర్ల లెక్కన చైనా జీడీపీ సుమారు అయిదు రెట్లయింది. సూచీ మాత్రం ఆ ఎత్తును మళ్లీ చూడలేదు. దేశం పెరిగితే షేర్లూ పెరుగుతాయన్న లెక్క ఇక్కడ ఎందుకు తప్పిందో పరిశోధకులు చాలాకాలంగా తవ్వుతున్నారు. ఆ జీడీపీ లెక్కల మీదా అనుమానాలున్నాయి. 2008 నుంచి 2016 దాకా వృద్ధిని ఏటా 1.7 శాతం పాయింట్ల మేర ఎక్కువ చూపారని 2019లో ఒక పరిశోధన అంచనా వేసింది. అది అలా ఉంచితే, మదుపరికి పనికొచ్చే అసలు ప్రశ్న వేరు: చైనా కంపెనీ షేరు ఎక్కడ కొనాలి?

షాంఘై, షెన్‌జెన్‌లలో దొరికేవి ఏ-షేర్లు. ఆర్థికవేత్త ఫ్రాంక్లిన్ ఆలెన్, ఆయన సహ పరిశోధకులు 2000–2018 లెక్కలు తీస్తే, బయట లిస్టయిన చైనా కంపెనీల రాబడి ముందు ఇవి వెలవెలబోయాయి. చాలావరకు తప్పు ఐపీఓ (కంపెనీ తొలిసారి షేర్లు ప్రజలకు అమ్మడం) నిబంధనలది. చాలా ఏళ్లపాటు, వరుసగా మూడేళ్లు లాభాలు చూపితే తప్ప అనుమతి దొరికేది కాదు. దాంతో కంపెనీలు లాభాలు బాగా వచ్చిన ఏళ్లు చూసుకుని మార్కెట్‌కొచ్చేవి, లిస్టయ్యాక జారిపోయేవి. లాభాలింకా రాని ఇంటర్నెట్ కంపెనీలేమో బయటి దారి పట్టాయి. దివాలా తీసినవాటిని డీలిస్ట్ చేయడమూ, అంటే మార్కెట్ నుంచి తొలగించడమూ అరుదే. లిస్టింగ్ అంత గగనం కాబట్టి, చెప్పుకోదగ్గ వ్యాపారం లేని చిన్న కంపెనీకీ మంచి ధర పలికేది. దాన్ని కొనేసి ఇంకెవరైనా దొడ్డిదారిన మార్కెట్లోకి రావచ్చు కదా! అందుకే లియు, స్టాంబో, యువాన్ అనే పరిశోధకులు తమ 2019 పత్రంలో అట్టడుగు 30 శాతం చిన్న కంపెనీలను లెక్కలోంచే తీసేశారు. చౌక షేరును పట్టుకోవడానికి అక్కడ పుస్తక విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) కన్నా, ధరకు తగ్గ లాభముందా అని చూడటమే మేలని కూడా తేల్చారు. 2023లో అన్ని బోర్డులకూ (మార్కెట్ విభాగాలకూ) రిజిస్ట్రేషన్ విధానం, అంటే అధికారుల అనుమతి కన్నా వివరాల వెల్లడికి ప్రాధాన్యమిచ్చే పద్ధతి వచ్చింది గనక ఈ జాడ్యం తగ్గాలి. నేనైతే ఇంకొన్నేళ్లు ఆగి చూస్తాను.

న్యూయార్క్‌లో అలీబాబా షేరు కొంటే చేతికొచ్చేది కేమన్ దీవుల్లో రిజిస్టరైన కంపెనీలో వాటా. చైనాలో విదేశీ పెట్టుబడికి అడ్డున్న రంగాల్లో, అసలు వ్యాపారాన్ని ఈ కంపెనీకి కట్టిపడేసేవి ఒప్పంద పత్రాలే, నేరుగా యాజమాన్యం కాదు. దానికి తోడు ప్రభుత్వ నిర్ణయాల భయం. ట్యూషన్ కంపెనీలు లాభాపేక్ష లేకుండా నడవాలని 2021 జులైలో బీజింగ్ ఆదేశించగానే అక్కడ వాటి షేర్లు కుప్పకూలాయి.

హాంకాంగ్ సంగతి వేరు. ఒకే బ్యాంకుకు షాంఘైలో ఏ-షేరు, ఇక్కడ హెచ్-షేరు (చైనాలోనే రిజిస్టరైన కంపెనీ హాంకాంగ్‌లో లిస్ట్ చేసే షేరు) ఉంటాయి. డివిడెండ్ ఒకటే, ధర మాత్రం చాలా ఏళ్లుగా ఇక్కడే తక్కువ. ఏ-షేరు 130, హెచ్-షేరు 100 అనుకుందాం. 6.5 డివిడెండ్ వస్తే అక్కడ గిట్టేది 5 శాతం, ఇక్కడ 6.5 శాతం. అయితే ఇక్కడ కొన్నది అక్కడ అమ్మలేం కాబట్టి ఈ తేడా పూడుతుందని ఆశపడకూడదు. చౌకగా కొని చౌకగానే అమ్మాల్సి రావచ్చు. పైగా హాంకాంగ్‌లో ఉన్నవన్నీ హెచ్-షేర్లు కావు. టెన్సెంట్ కూడా కేమన్ కంపెనీయే.

మూడింట్లో నా ఓటు హెచ్-షేర్లకే, అదీ డివిడెండ్ కోసం. అమెరికాలోని మనవాళ్లకు ఏడీఆర్‌లు (విదేశీ కంపెనీ షేర్లకు బదులుగా న్యూయార్క్‌లో అమ్ముడయ్యే పత్రాలు) సులువు గనక అటు మొగ్గుతారు. అలాంటివాళ్లు పెట్టే మొత్తం చిన్నదిగా ఉంచుకోవాలి. భారత్‌లో ఉన్నవాళ్లకు ఎన్‌ఎస్‌ఈలో హాంగ్‌సెంగ్ ఈటీఎఫ్ (హాంకాంగ్ ప్రధాన సూచీని అనుసరిస్తూ షేరులా అమ్ముడయ్యే ఫండ్) దొరుకుతుంది, కానీ ఆ సూచీలో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు, ఏఐఏ బీమా కంపెనీ లాంటి చైనావి కానివీ పెద్ద వాటాలోనే ఉన్నాయి. విదేశీ ఫండ్ల మీద ఆర్‌బీఐ పరిమితి వల్ల అది ఒక్కోసారి ఎన్‌ఏవీ (ఫండ్ చేతిలోని షేర్ల అసలు విలువ) కన్నా ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది. అలాంటప్పుడు కొంటే హాంకాంగ్‌లోని చౌకదనం మనదాకా రాదు.