వాషింగ్టన్‌లో మేసన్ గుర్తుల వెంట మూడు రోజులు

నా మేనల్లుడు ఫోనులో ఒక పటం చూపించాడు. వాషింగ్టన్ నగర వీధుల మీద ఎర్ర గీతలతో తలకిందులుగా గీసిన ఐదు కోణాల నక్షత్రం, దాని కింది మొన సరిగ్గా వైట్‌హౌస్ మీద. "ఇది ఫ్రీమేసన్ల పనే మామయ్యా, చూస్తే తెలియడం లేదా?" అన్నాడు. ఫ్రీమేసన్లు అంటే రహస్య ఆచారాలున్న ఒక పాత సోదర సంఘం. వాళ్లు తమ గుర్తులను ఈ నగరంలో దాచారన్నది మావాడు చూసిన కుట్ర వీడియోల వాదన. కూర్చుని వాదించే కంటే నడిచి చూడడం మేలనిపించి ఇద్దరం బయలుదేరాం.

బస నగరంలో కాకుండా పోటోమాక్ నదికి ఇవతల ఉన్న అలెగ్జాండ్రియాలో, కింగ్ స్ట్రీట్ మెట్రో స్టేషన్ దగ్గర తీసుకున్నాం. ఆ నిర్ణయానికి ఇప్పటికీ సంతోషమే. బ్లూ, ఎల్లో లైన్ల రైళ్లు రెండూ అక్కడ ఆగుతాయి, నది ఒడ్డు దాకా ఉచిత ట్రాలీ బస్సు తిరుగుతుంది. హోటల్ మాత్రం మళ్లీ వెళ్లదగ్గది కాదు. గదితో పాటు అల్పాహారం అని రాసి, తీరా దిగాక దానికి వేరే బిల్లు వేశారు.

స్టేషన్ బయటికి రాగానే గుట్ట మీద జార్జ్ వాషింగ్టన్ మేసనిక్ స్మారకం కనిపిస్తుంది. ఎత్తు 333 అడుగులు, ఆకారం ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దీపస్తంభానిది. 1923లో శంకుస్థాపన, 1932లో ప్రారంభోత్సవం. ముందున్న పచ్చిక వాలు మీద మేసన్ల గుర్తయిన మూలమట్టం, వృత్తలేఖిని బొమ్మను ఎంత పెద్దగా వేశారంటే దూరం నుంచే స్పష్టంగా తెలుస్తుంది. ఇది దాచిపెట్టే వాళ్లు చేసే పని కాదు. పై అంతస్తులకు టికెట్ కొని గైడ్‌తో వెళ్లాలి. గోపురం పైకి పోయే కొద్దీ సన్నబడుతుంది కాబట్టి లిఫ్టులు నిట్టనిలువుగా కాక కాస్త వాలుగా ఎక్కుతాయి. ఆ ఒరుగు కాళ్లకు తెలుస్తుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక చిన్న తాపీ. వెండి రేకు, దంతపు పిడి. 1793 సెప్టెంబరు 18న తొలి అధ్యక్షుడు, స్వయంగా మేసన్ అయిన జార్జ్ వాషింగ్టన్ మేసన్ల ఏప్రన్ కట్టుకుని, నలుగురూ చూస్తుండగా, క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు) భవనానికి శంకుస్థాపన చేసినప్పుడు వాడింది ఇదే. మేసన్ అంటేనే తాపీమేస్త్రి కదా. ఆ చేతిపని పనిముట్లే వాళ్ల గుర్తులు అన్న సంగతి ఆ గాజుపెట్టె ముందు నిలబడ్డాకే నాకు మనసుకు ఎక్కింది. మా గైడ్ స్వయంగా సభ్యుడు. మావాడు అడిగిన ప్రతి ప్రశ్నకూ, రహస్య ప్రమాణాల గురించిన ప్రశ్నకు కూడా, విసుగు లేకుండా జవాబిచ్చాడు. మూడు రోజుల్లో దొరికిన అన్ని సేవల్లో అదే ఉత్తమం.

మర్నాడు 16వ వీధిలో, మేసన్లలోని స్కాటిష్ రైట్ శాఖ భవనమైన హౌస్ ఆఫ్ ద టెంపుల్‌కు వెళ్లాం. ఆర్కిటెక్టు జాన్ రస్సెల్ పోప్, పూర్తయింది 1915లో, నమూనా ప్రాచీన కాలపు హాలికర్నాసస్ సమాధి. చుట్టూ 33 స్తంభాలు, ఒక్కొక్కటి 33 అడుగులు. కుట్ర వీడియోలన్నీ పట్టుకునే అంకె ఇదే. స్కాటిష్ రైట్ శాఖలో 33 డిగ్రీలు, అంటే సభ్యులు ఎక్కే మెట్లు, ఉన్నాయని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. మెట్ల పక్కన రెండు స్ఫింక్స్ శిల్పాలున్నాయి. జ్ఞానానికి గుర్తయినది కళ్లు అరమూసుకుంటే, శక్తికి గుర్తయినది పూర్తిగా తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లకపోయినా వాటి కోసం వెళ్లవచ్చు. టూర్ రోజులు, వేళలు ముందే చూసుకోండి.

అక్కడి నుంచి దక్షిణంగా స్కాట్ సర్కిల్‌కు నడిచి, నక్షత్రంలో ఒక గీత అయిన రోడ్ ఐలాండ్ అవెన్యూ పట్టుకుని పడమరకు మళ్లాం. పటం ప్రకారం అది వాషింగ్టన్ సర్కిల్ దాకా పోవాలి. 1963లో కెనెడీ అంత్యక్రియల ప్రార్థన జరిగిన సెయింట్ మాథ్యూ కెథీడ్రల్ దాటగానే, కనెక్టికట్ అవెన్యూ దగ్గర రోడ్డు ఆగిపోయింది. ఎదురుగా భవనాలు. మావాడు ఫోనులోని ఎర్ర గీతనూ ఆ గోడలనూ మార్చి మార్చి చూశాడు. నేనేమీ అనలేదు.

వాషింగ్టన్ స్మారక స్తంభానికి టికెట్ ఉచితమే, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఒక డాలరు రుసుము. తప్పక తీసుకోండి. 555 అడుగులను 12తో గుణిస్తే 6,660 అంగుళాలు, అందులో సైతాను అంకెగా చెప్పే 666 ఉందని కుట్ర వీడియోల వాళ్లు అంటారు. అసలు ఎత్తు 555 అడుగుల 5 అంగుళాల పైచిలుకు. ఆ ఎత్తు వచ్చింది ఈజిప్టు స్తంభాల కొలత నుంచి: ఎత్తు అడుగుభాగపు వెడల్పుకు సుమారు పదింతలు ఉండాలి, ఇక్కడ ఆ వెడల్పు 55 అడుగుల పైచిలుకు. మూడో వంతు ఎత్తుకు ముందే పాలరాతి రంగు మారుతుంది. 1854లో ఆగిన పని 1879లో మళ్లీ మొదలైనప్పుడు రాయి వేరే గని నుంచి వచ్చింది. వరుసలో ఉండగా మావాడు డాలరు నోటు తీసి త్రికోణంలో కన్ను చూపించాడు. ఆ కన్ను ఉన్న అమెరికా ప్రభుత్వ ముద్ర 1782 నాటిది, నోటు మీదికి వచ్చింది 1935లో. అంతకు చాలా ముందే క్రైస్తవ చిత్రాల్లో ఆ కన్ను దేవుని చూపుకు గుర్తు.

అయితే అనుమానమంతా గాలిలోంచి పుట్టిందనను. 1826లో మేసన్ల రహస్యాలు అచ్చు వేస్తానన్న విలియం మోర్గన్ న్యూయార్క్ రాష్ట్రంలో మాయమయ్యాడు. ఆ ఆగ్రహంలోంచి మేసన్ వ్యతిరేక పార్టీయే పుట్టి, 1832 అధ్యక్ష ఎన్నికల్లో వెర్మాంట్ రాష్ట్రాన్ని గెలిచింది. ఇది మావాడికి చెప్పవలసిన బాధ్యత నాదే అనిపించి, స్తంభం దిగాక గడ్డి మీద కూర్చుని చెప్పాను.

చివరి రోజు క్యాపిటల్. టూర్ ఉచితం, భద్రతా తనిఖీకి సమయం ఉంచుకోండి. ఆ వెండి తాపీతో వేసిన రాయి ఏదని మావాడు అడిగాడు. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదట. భవనం పెరిగిపోయింది, రాయి ఎక్కడో పునాదుల్లో ఉండిపోయింది. మావాడు తిరుగు ప్రయాణంలో మెట్రో ఎక్కే దాకా ఆ రాయి గురించే అడుగుతూ వచ్చాడు.