మైనింగ్ వాళ్ల ఆస్ట్రేలియా ఫైలుకి బెజవాడ కన్సల్టెన్సీ: రెండు స్టార్లే

బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక వీసా కన్సల్టెన్సీకి మా తమ్ముడి ఫైలు ఇచ్చాం, వాడు సింగరేణిలో మైనింగ్ ఇంజినీర్. ఏసీ, కాఫీ, మర్యాద అన్నీ బాగున్నాయి. స్టూడెంట్ వీసాల్లో చేయి తిరిగినవాళ్లేమో గానీ, మైనింగ్ అనగానే "పెట్రోలియం కూడా అదే కదండీ" అన్నారు, అక్కడే డౌటొచ్చింది. ఆస్ట్రేలియా వీసాలకి వాడే వృత్తుల జాబితాలో ఆ రెండూ వేర్వేరు వృత్తులు, వేర్వేరు కోడ్‌లు. డిగ్రీని ముందు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ అంచనా వేస్తుంది; మనవాళ్లలో చాలామంది దానికి సీడీఆర్ రాయాలి, అంటే మన ఇంజినీరింగ్ అనుభవం చూపించే రిపోర్టు; అందులో ముఖ్యమైనవి మూడు కెరీర్ ఎపిసోడ్లు, గనిలో మనం స్వయంగా చేసిన పని, మన మాటల్లో. వీళ్లేమో రెడీమేడ్‌ది ఇస్తాం, పేరు మార్చుకుంటే చాలు అన్నారు! కాపీ అని తేలితే దరఖాస్తు పోవడమే కాదు, మళ్లీ పెట్టుకోకుండా నిషేధం కూడా పడొచ్చు.

పాయింట్ల లెక్క సరిగ్గానే చెప్పారు, 189 వీసాకి (పాయింట్ల మీద నిపుణులకిచ్చే పర్మనెంట్ వీసా) కనీసం 65, వయసు 45 లోపు. అయితే 65 ఉంటే వీసాకి దరఖాస్తు పెట్టుకోమనే పిలుపు వచ్చేసినట్టే అనడం మరీ అతి.

డబ్బు కట్టే ముందు ఏజెంటు మారా నంబరు (ఆస్ట్రేలియా ప్రభుత్వం దగ్గర మైగ్రేషన్ ఏజెంటుగా నమోదైన నంబరు) అడగండి, ఆన్‌లైన్ రిజిస్టర్లో ఎవరైనా చూసుకోవచ్చు. మేం అడిగితే "మా సిడ్నీ పార్టనర్‌కి ఉందండీ" అన్నారు, ఆ పార్టనర్ పేరు మాత్రం ఇంతవరకు చెప్పలేదు. అడ్వాన్స్ వెనక్కి అడుగుతున్నాం.