తీన్ బీఘాకి పర్మిట్ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టకండి

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే నా కోపం ఇంకా చల్లారలేదు. పశ్చిమ బెంగాల్ కూచ్ బెహార్ జిల్లాలో ఉన్న తీన్ బీఘా (బంగ్లాదేశ్ వాళ్ళు మన నేల మీదుగా దాటే చిన్న దారి ముక్క) చూడటానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. సిలిగురిలో మాకు కారు మాట్లాడి పెట్టిన ట్రావెల్స్ ఆయన ‘బోర్డర్ పర్మిట్’ పేరు చెప్పి మనిషికి 500 చొప్పున నలుగురికీ 2,000 రూపాయలు వసూలు చేశాడు. రసీదు ఇమ్మంటే డ్రైవర్ దగ్గర ఉంటుందన్నాడు. డ్రైవర్‌ని అడిగితే ఆఫీసులోనే ఉంటుందన్నాడు. తీరా అక్కడికి వెళ్తే జవాను మా ఆధార్ కార్డులు చూసి, పేర్లు రాసుకుని, "పర్మిటా? ఎవరిచ్చారు? చూపించండి" అని మమ్మల్నే అడిగాడు. కారుకి రోజుకి 4,200 అన్నారు, ఇచ్చాం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ సరిహద్దు అనగానే మనకుండే భయాన్ని అమ్ముకోవడం మాత్రం ఘోరం.

ఈ దారి పట్టించింది నేనే. మావారు, మా ఆడపడుచు, వాళ్ళాయన (నాకు అన్నయ్య వరస) డార్జిలింగ్ కోసం బయల్దేరారు. పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పిన దాన్ని కాబట్టి, అంత దూరం వెళ్ళి ఛిట్‌మహల్‌లు చూడకుండా తిరిగి రావడం నా వల్ల కాదని ముందే గట్టిగా చెప్పాను. "వదినా, ముళ్ళకంచె చూడటానికి ఇంత దూరమా?" అని మా ఆడపడుచు రైల్లోనే మొదలుపెట్టింది. అన్నయ్య అయితే న్యూ జల్‌పాయ్‌గురిలో దిగిన దగ్గర్నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఛిట్‌మహల్ అంటే తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఒక దేశం మధ్యలో ఇంకో దేశపు ముక్కలన్నమాట. కూచ్ బెహార్ రాజుకి, మొఘలులకి మధ్య 18వ శతాబ్దం మొదట్లో కుదిరిన సంధి నాటికి ఎవరి మనుషులు ఏ ఊరిని పట్టుకుని ఉన్నారో ఆ ఊరు వాళ్ళకే ఉండిపోయింది. రాజులు చదరంగంలో ఊళ్ళు పందెం కాశారని స్థానికులు చెప్పే కథ బాగుంటుంది కానీ అది కథే. 1947లో మొఘలుల వైపు ఉండిన రంగ్‌పూర్ తూర్పు పాకిస్తాన్‌లోకి (ఇప్పటి బంగ్లాదేశ్) వెళ్ళింది. కూచ్ బెహార్ సంస్థానం మన హైదరాబాద్ కంటే ఏడాది ఆలస్యంగా, 1949లో భారత్‌లో కలిసింది. దాంతో జమీందారీ లెక్కల్లోని ముక్కలన్నీ ఒక్కసారిగా రెండు దేశాల భూములైపోయాయి. మనవి 111 అవతల, వాళ్ళవి 51 ఇవతల.

దారి సంగతి ఒక్క మాటలో చెప్తాను. జల్‌పాయ్‌గురి, హల్దీబారి మీదుగా రోడ్డు బాగుంది. హల్దీబారి నుంచి మేఖ్లీగంజ్‌కి తీస్తా మీద 2021లో తెరిచిన జోయీ సేతు దాటాలి. ఒకప్పుడు ఇదే ఊరికి జల్‌పాయ్‌గురి చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళట. చలికాలం కాబట్టి వంతెన కింద నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఈ నీటి పంపకం మీద 2011లో బంగ్లాదేశ్‌తో ఒప్పందం దాదాపు ఖాయమై, బెంగాల్ ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. ఇప్పటికీ తేలలేదు. కృష్ణా నీళ్ళ తగాదాలు వింటూ పెరిగిన నలుగురం అక్కడ కారు దిగి కాసేపు వాదించుకున్నాం. పై రాష్ట్రానికి ఒక న్యాయం, కింది దేశానికి ఒక న్యాయం ఉండకూడదనేదే నా మాట. మావారు ఒప్పుకోలేదు.

తీన్ బీఘా అసలు ఎంత ఉంటుందనుకున్నారు? 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు. చుట్టూ చెట్లు, చిన్న తోట, అటూ ఇటూ గేట్లు. మేఖ్లీగంజ్ నుంచి కూచ్లీబారి వెళ్ళే మన రోడ్డు, బంగ్లాదేశ్ నుంచి వాళ్ళ దేశపు ముక్కే అయిన దహగ్రామ్‌కి వెళ్ళే వాళ్ళ రోడ్డు ఇక్కడ నాలుగు రోడ్ల కూడలిలా కలుస్తాయి. మధ్యలో బీఎస్ఎఫ్ జవాన్లు నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు బండ్లని వదులుతారు. వెదురు బొంగులు వేసుకున్న వ్యాన్ రిక్షా ఒకటి, స్కూలు యూనిఫాంలో సైకిళ్ళ మీద ఆడపిల్లలు, వెనక భార్యని కూర్చోబెట్టుకుని మోటార్‌సైకిల్ మీద ఒకాయన, అందరూ బంగ్లాదేశ్ నుంచి బంగ్లాదేశ్‌కే వెళ్తున్నారు, కాకపోతే మధ్యలో మన దేశం గుండా. ఎవరి మొహంలోనూ వింత లేదు. మేమే నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం.

దహగ్రామ్-అంగార్‌పోతా చుట్టూ మన నేలే. అక్కడి వాళ్ళు సొంత దేశంలోని పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలన్నా ఈ ముక్క దాటాల్సిందే. 1974లో ఇందిరా గాంధీ, షేక్ ముజీబుర్ రహ్మాన్ ఒప్పందం చేసుకున్నారు. రెండు దేశాలూ తగువులాడుకున్న దక్షిణ బేరుబారి మనకి ఉంటుంది, దహగ్రామ్ వాళ్ళకి ఉంటుంది, దాటడానికి ఈ దారి మనం లీజుకి ఇస్తాం. ఆ దారి తెరిచింది 1992 జూన్ 26న. అప్పుడు కూడా పగటిపూట గంటల లెక్కనే. రోజంతా తెరిచి ఉంచడం 2011లో మొదలైంది. అంటే 19 ఏళ్ళపాటు రాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషి తెల్లారేదాకా ఆగాలి. అలా రాత్రిపూట గేటు మూసి ఉంచడాన్ని నేను ఏ భద్రత పేరుతోనూ సమర్థించలేను.

అలాగని కూచ్లీబారి వాళ్ళ భయాన్నీ కొట్టిపారేయలేం. ఈ దారి ఇచ్చేస్తే తామే దేశం నుంచి తెగిపోయి చిక్కుకుపోతామని వాళ్ళు ఉద్యమం చేశారు, అందులో ప్రాణాలు పోయాయి. కూడలి పక్కన టీ కొట్టు పెద్దాయన ఆ రోజుల గురించి హిందీ, బెంగాలీ కలిపి చాలాసేపు చెప్పాడు. టీ 10 రూపాయలు, బాగుంది, అల్లం దండిగా వేశాడు. ఇప్పుడు భయం పోయిందా అని అడిగితే, రోడ్డు తెగలేదు కదా అన్నాడు.

గేటు వైపు ఫోటో తీయొద్దని జవాను చెప్పాడు, తోట వైపు తీసుకోమన్నాడు. తను కర్నూలు వైపు కుర్రాడేనట. మా తెలుగు విని మొహం వెలిగిపోయింది. మా ఆడపడుచు సంచిలోంచి జంతికల పొట్లం తీసి ఇవ్వబోతే డ్యూటీలో తీసుకోకూడదమ్మా అన్నాడు. బలవంతం చేయలేదు.

అన్నయ్య నోరు విప్పింది అక్కడే. ఆయనది ఎటపాక. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు భద్రాచలం గుడి తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. రాముడు తెలంగాణలో, రాముడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. "రాష్ట్రాలు కాబట్టి సరిపోయింది, అదే దేశాలై ఉంటే నేను కూరగాయలకి వెళ్ళడానికి కూడా ఇలా నిలబడేవాణ్ణి" అన్నాడు. సిలిగురి నుంచి మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి ఆ తర్వాత చంగ్రబంధా దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. చంగ్రబంధా దగ్గర భూటాన్ బండరాళ్ళు వేసుకుని బంగ్లాదేశ్‌లోకి వెళ్ళే లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. భూటాన్ రాయి మన రోడ్డు మీదుగా బంగ్లాదేశ్ ఇళ్ళలోకి వెళ్తుందన్నమాట. ఆ లారీల వల్ల మాకు గంటకి పైగా ఆలస్యమైంది.

కూచ్ బెహార్‌లో బస గురించి చెప్పకపోతే ఇంకెవరైనా చిక్కుకుంటారు. సాగర్ దిఘీ దగ్గర్లో ఒక హోటల్. ఆన్‌లైన్‌లో గది 2,200, వేడినీళ్ళు, టిఫిన్ కలిపి అని ఉంది. వెళ్ళాక గీజర్‌కి గదికి 300 అదనం అన్నారు. ఫోన్‌లో బుకింగ్ తెరిచి చూపిస్తే అది పాత రేటు అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. మావారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అలాంటిది ఆయన కూడా గొంతు పెంచారు. చివరికి రెండు గదులకి కలిపి 300 దగ్గర తెగింది. దుప్పటి తడిగా ఉంది, మార్చమంటే రాత్రి పదింటికి ఇంకో తడి దుప్పటి తెచ్చాడు. పొద్దున టిఫిన్‌కి చల్లారిన పూరీలు. స్టేషన్ వైపు వెళ్ళండి, గదులు ముందు చూడండి, తర్వాతే డబ్బు ఇవ్వండి.

కూచ్ బెహార్ రాజభవనం (1887లో కట్టింది) అందంగా ఉంది, టికెట్టు 25. మ్యూజియం శుక్రవారం మూత. మదన్ మోహన్ గుడిలో అరగంట హాయిగా కూర్చున్నాం. అంతే.

నా మనసు నిలిచిపోయింది మాత్రం దిన్‌హాటాలో. కారుని అక్కడే వదిలేసి ఒక టోటో (బ్యాటరీ ఆటోని అక్కడ అలా అంటారు) సగం రోజుకి 600కి మాట్లాడుకున్నాం. ఆ అబ్బాయిది మశాల్‌డాంగా వైపు ఊరే, ఒకప్పటి బంగ్లాదేశ్ ఛిట్. 2015 మే నెలలో ఛిట్‌లని రెండు దేశాలూ మార్చుకోవడానికి మన పార్లమెంటు 100వ రాజ్యాంగ సవరణ ఆమోదించింది. జూలై 31 అర్ధరాత్రి దాటగానే ఆ ఊళ్ళు ఇండియా అయ్యాయి. ఆ రాత్రి జెండా ఎగరేసినప్పుడు వాళ్ళమ్మ ఏడ్చిందట. మనకి ఆగస్టు 15 సెలవు రోజు. వాళ్ళకి స్వాతంత్ర్యం వచ్చిన తారీఖు ఆగస్టు 1, మనకంటే 68 ఏళ్ళు వెనక.

అతని స్కూలు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు తండ్రిది కాదు. ఛిట్ వాళ్ళకి ఇండియా బడిలో సీటు లేదు కాబట్టి పక్క ఊరి తెలిసినాయన పేరు రాయించారు. అలా ఆ ప్రాంతంలో ఎందరికో జరిగింది. ఆసుపత్రికీ అంతే, దొంగ చిరునామా చెప్పాలి. కరెంటు తీగ నెత్తి మీద నుంచి పోయేది, ఇంట్లో మాత్రం కిరోసిన్ దీపం. ఇదంతా అతను మామూలుగా చెప్పుకుపోతుంటే మా ఆడపడుచు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది, కరెంటు ఉంది. పొలం కాగితాల్లో మాత్రం కొలతలు తేలలేదని, ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నానని చెప్పాడు. అవతలి 111 ఛిట్‌ల నుంచి ఇండియానే కావాలని వెయ్యికి లోపు మంది వచ్చారు. వాళ్ళని రేకుల షెడ్ల క్యాంపుల్లో పెట్టి, ఏళ్ళు గడిచాక ఫ్లాట్లు ఇచ్చారు. దేశాన్ని ఎంచుకుని వచ్చిన వాళ్ళని రేకుల కింద ఎండబెట్టడం చూస్తే, ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఉన్న శ్రద్ధ ఆ తర్వాత లేదని అర్థమవుతుంది.

భోజనానికి హోటల్ చూపించమంటే ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ అప్పటికప్పుడు అన్నం వండి, ఆవ ఆకు కూర, చిన్న చేపల పులుసు, శిదల్ పెట్టింది. శిదల్ అంటే ఎండబెట్టిన చిన్న చేపల్ని చేమకాడలతో కలిపి దంచి, ముద్దలు చేసి నిల్వ ఉంచి, తర్వాత వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి మగ్గించిన పచ్చడి. వాసనకి మావారు వెనక్కి తగ్గారు. కోనసీమ ఎండుచేపల కూర తిన్న నాలుకకి అది పరాయిది కాదు. నేను రెండుసార్లు, మా ఆడపడుచు మూడుసార్లు వేయించుకున్నాం. డబ్బు ఎంత ఇవ్వబోయినా ఆవిడ పుచ్చుకోలేదు. చివరికి టోటో అద్దె 600కి బదులు 1,000 చేతిలో పెట్టాం, అదీ సగం గొడవపడి. ఈ ప్రయాణం మొత్తంలో మేం ఇష్టంగా ఎక్కువ ఇచ్చిన డబ్బు అదొక్కటే.

తిరిగి వస్తూ కంచె పక్క రోడ్డు మీదుగా వచ్చాం. కంచెని అసలు సరిహద్దు గీతకి 150 గజాలు ఇవతల వేశారు, అందువల్ల మన రైతుల పొలాలే కంచెకి అవతల పడ్డాయి. కార్డు చూపించి గేటు దాటి దున్నుకోవాలి, చెప్పిన టైముకి వెనక్కి రావాలి. ఒక ముసలాయన నాగలి భుజాన వేసుకుని గేటు తెరిచేదాకా నిలబడి ఉన్నాడు. అన్నయ్య ఆయనకి బీడీ ఇచ్చాడు.

సిలిగురి చేరాక ఆ ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళి 2,000 వెనక్కి అడిగాం. 1,000 ఇచ్చి, మిగతాది ‘సర్వీస్ చార్జి’ అన్నాడు. వెళ్ళేవాళ్ళు కారుని జల్‌పాయ్‌గురిలోనే మాట్లాడుకోండి, అక్కడ మాకు చెప్పిన రేటు రోజుకి 3,500. ఒరిజినల్ ఆధార్ దగ్గర ఉంచుకోండి, చీకటి పడకముందే తీన్ బీఘా చూసేయండి, దిన్‌హాటాకి ఒక పూట తప్పకుండా కేటాయించండి. డార్జిలింగ్ బాగానే ఉంది, మబ్బు పట్టి కాంచన్‌జంగా కనిపించలేదు.