మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మోకాలి కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నాకు పనిచేసింది. అయితే మొదటిసారి పనిచేసినంత బాగా మళ్లీ ఎప్పుడూ పనిచేయలేదు. వేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఈ రెండు మాటలనూ కలిపి వినాలి.

మాది ఏలూరు. ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతాం. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఏదో ఒక ఇగురు, రోటిపచ్చడి అయ్యేసరికి పదకొండవుతుంది. అక్కడి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా కవర్లలో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వడమే. అంతా నిలబడి చేసే పనే. వయసు యాభై దాటింది, ఒళ్లు కాస్త ఎక్కువే, షుగర్ కూడా ఉంది. మోకాళ్ల నొప్పికి ఇంతకంటే ఏం కావాలి?

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు ఎముకల మధ్య సందు బాగా తగ్గిపోయింది. ‘గుజ్జు అరిగిందమ్మా, గ్రేడ్ 3’ అన్నారు డాక్టరు గారు, అంటే అరుగుదల నాలుగు దశల్లో మూడోది. అప్పటికే నొప్పి మాత్రలు వాడీ వాడీ కడుపులో మంట పట్టుకుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ మాత్రలు అదేపనిగా వాడితే కిడ్నీలకు మంచిది కాదని కూడా ఆయనే చెప్పి, ఇంజెక్షన్ మాట ఎత్తారు.

స్టెరాయిడ్ అనగానే మా వీధిలో అందరూ ఒకే పాట. ఎముకలు గుల్లవుతాయని, ముఖం ఉబ్బుతుందని, ఒకసారి మొదలుపెడితే మానలేమని. అవి నెలల తరబడి మాత్రల రూపంలో మింగేవాళ్లకు వచ్చే తిప్పలు. కీలులోకి వేసేది కొద్ది మోతాదు, చాలావరకు అక్కడే ఉండి పనిచేస్తుంది. కొంత రక్తంలోకి పోతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇదేమీ కొత్త వైద్యం కూడా కాదు. కీళ్లలోకి స్టెరాయిడ్ వేయడం 1950ల మొదట్లోనే మొదలైంది.

వేసే పద్ధతి చెబుతాను, చాలామందికి సూది కంటే దాని గురించి విన్న కబుర్లే ఎక్కువ భయం. బల్ల మీద పడుకోబెట్టి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టారు. బెటాడిన్‌తో మోకాలంతా తుడిచారు. డాక్టరు గారు మోకాలి చిప్పను అటూ ఇటూ కదిపి, బయటివైపు అంచు కింద బొటనవేలితో నొక్కి చోటు చూసుకున్నారు. చర్మంలోకి దిగేటప్పుడు చురుక్కుమంది, లోపలికి వెళ్లాక బరువుగా అనిపించింది, అంతే. ముందు ఖాళీ సిరంజితో నీరు లాగారు. లేత పసుపు రంగులో, వేళ్ల మధ్య సాగేలా జిగటగా ఉంది. సూది అక్కడే ఉంచి సిరంజి మార్చి, పాలలా తెల్లగా ఉన్న మందు ఎక్కించారు. నాకు వేసింది ట్రయామ్సినోలోన్ 40 మిల్లీగ్రాములు, దాంతోపాటు కొంచెం తిమ్మిరి మందు. కొందరు డాక్టర్లు మిథైల్ ప్రెడ్నిసోలోన్ వాడతారు. మొత్తం పని పది నిమిషాల్లో అయిపోయింది.

బల్ల దిగి నడిస్తే నొప్పే లేదు! మా ఆయన దండం పెట్టినంత పని చేశారు. ఆ ఆనందం సాయంత్రం దాకానే. అప్పటి హాయి తిమ్మిరి మందుది, స్టెరాయిడ్‌ది కాదు. రాత్రికి నొప్పి తిరిగొచ్చింది, మర్నాడు ముందుకంటే ఎక్కువగా సలిపింది. కొందరికి ఒకటి రెండు రోజులు ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడకుండా ఐస్ పెట్టుకుని కూర్చున్నాను. మీకు చెప్పకపోతే మీరే అడగండి. ఈ రెండు రోజుల్లోనే సగంమంది ‘డాక్టరు చెడగొట్టాడు’ అని తిట్టుకుంటూ ఉంటారు. అలాగని జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి కాలిపోతున్నా, రోజు రోజుకీ వాపు పెరుగుతున్నా ఇంట్లో కూర్చోకూడదు. కీలులో చీము పట్టే ప్రమాదం చాలా అరుదు, కానీ పడితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

నాలుగో రోజుకు అసలు మందు పని మొదలుపెట్టింది. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి దిగేదాన్ని, డాబా మెట్లు మామూలు మనిషిలా దిగాను. రాత్రి పక్క మీద అటు ఒత్తిగిల్లితే మెలకువ రావడం పోయింది. ఆ సుఖం దాదాపు మూడు నెలలు నిలిచింది.

ఇక షుగర్ సంగతి. ఇంజెక్షన్ ముందు నాకు భోజనం తర్వాత 180 చుట్టూ ఉండేది. వేయించుకున్న మర్నాడు గ్లూకోమీటర్‌లో 290 చూపించింది. మిషన్ పాడైందేమోనని ఇంకో వేలు పొడుచుకుని చూశాను, అంతే ఉంది. అన్నం తగ్గించినా దిగలేదు. వారం తిరిగేసరికి మెల్లగా మామూలైంది. షుగర్ ఉన్నవాళ్లు ముందు రోజు నుంచే చూసుకోవాలి, మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఆ వారానికి మార్చాలా అన్నది మీ షుగర్ డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఎముకల డాక్టరు గదిలో ఈ సంగతి ఎవరూ గుర్తుచేయకపోవచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లకు కొందరు డాక్టర్లు అది తగ్గేదాకా వేయరు, అందులో తప్పేం లేదు. ఆ రాత్రి ముఖం ఎర్రబడి వేడెక్కింది, నిద్ర పట్టలేదు. ఇవి కూడా రెండు రోజుల ముచ్చటే.

మందు ఖరీదు తక్కువే, వందల్లో ఉంటుంది. డాక్టరు ఫీజు, వేసినందుకు చార్జీ కలిపినా నాకు రెండు వేలు దాటలేదు. కీలు సాఫీగా కదలడానికని వేలకు వేలు పోసి వేయించుకునే జెల్ ఇంజెక్షన్లతో పోల్చుకుంటే ఇది ఏమీ కాదు. అదే దీనితో చిక్కు కూడా. చవక, చప్పున పనిచేస్తుంది, కాబట్టి నొప్పి రాగానే ‘ఇంకోటి వేసేయండి’ అనాలనిపిస్తుంది.

రెండోసారి వేయించుకుంటే హాయి రెండు నెలలు దాటలేదు. ఆ తర్వాత వేయించుకున్నవి అయిదారు వారాలకే తేలిపోయాయి. మా అమ్మాయి ఫిజియోథెరపీ చదివింది. అది మొదటి నుంచీ పోరుతూనే ఉంది. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మోకాలి అరుగుదల ఉన్న 140 మందిలో సగంమందికి రెండేళ్లపాటు ప్రతి 12 వారాలకూ ఇదే ట్రయామ్సినోలోన్ 40 మిల్లీగ్రాములు, మిగతా సగానికి ఉత్త సెలైన్ వేశారు. రెండేళ్ల తర్వాత స్టెరాయిడ్ వేసినవాళ్లకే గుజ్జు ఎక్కువ అరిగింది. నొప్పి విషయంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా మిల్లీమీటరులో పదో వంతే అనుకోండి, కానీ ఉన్నదే అంతంతమాత్రం అయినప్పుడు ఆ కాస్తా ఎందుకు పోగొట్టుకోవాలి? మూడు నెలలకోసారి అని క్యాలెండర్‌లో రాసుకుని వేయించుకోవడానికి నేను ఒప్పుకోను. మా డాక్టరు గారు కూడా మూడు నెలల ఎడం లేకుండా ఎప్పుడూ వేయలేదు, నేను అడిగినా వేయలేదు. అలాంటి డాక్టరు దొరికితే వదులుకోవద్దు.

మరి దేనికి పనికొస్తుంది? నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాలకు. అవి ఎలా వాడుకున్నాం అన్నదే అసలు విషయం. వ్యాయామం చేయమంటే నొప్పి వల్ల చేయలేం, చేయకపోతే తొడ కండ బలహీనమై నొప్పి పెరుగుతుంది. ఈ సూది ఆ ముడిని కొన్నాళ్లు వదులు చేస్తుంది. మొదటి ఇంజెక్షన్ తర్వాత మా అమ్మాయి రోజూ వీడియో కాల్‌లో పోలీసులా నిలబడి చేయించింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, చిప్ప పైకి లాగుతున్నట్టు తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే అమెరికా వైద్య పత్రికలో, మోకాలి అరుగుదల ఉన్న 156 మంది మీద వచ్చిన అధ్యయనంలో ఏడాది తర్వాత చూస్తే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే ఫిజియోథెరపీ చేసినవాళ్లే నయంగా ఉన్నారట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మాయి గొంతులో గర్వం వినాలి. నన్నడిగితే మాత్రం, ఆ సూది లేకపోతే నేను ఆ వ్యాయామం మొదలుపెట్టేదాన్నే కాదు. ఎడమ మోకాలు ఇవాళ్టికీ ఒక్క ఇంజెక్షన్ లేకుండా నడుస్తోందంటే ఆ తువ్వాలు చుట్ట పుణ్యమే.

ఇంకో మాట. పల్లెల్లో నొప్పుల సూది అని పిరుదుకు పొడిచేది ఇది కాదు. అదేమిటో, ఎంతో చీటీ మీద రాసి ఇవ్వరు. ఒళ్లంతా తేలికై, ఆకలి పెరిగి, వారానికోసారి అదే మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లను చూశాను. ఊరూ పేరూ లేని నొప్పుల పొడి పొట్లాలదీ అదే దారి. సీసా మీద మందు పేరు చూసి, చీటీ మీద పేరూ మోతాదూ రాయించుకోండి. మళ్లీ ఎప్పుడో ఆపరేషన్ అంటే ఆ చీటీలే అడుగుతారు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే అదీ ముందే చెప్పాలి. నేను రాసేదంతా అరుగుదల నొప్పి గురించి. రుమటాయిడ్, అంటే ఒంట్లోని రక్షణ శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకు అసలు మందులు వేరే ఉంటాయి. మా ఆయనకు భుజం పట్టేస్తే ఒక్క ఇంజెక్షన్, దానితోపాటు వ్యాయామంతో చెయ్యి లేచింది, మళ్లీ అవసరం రాలేదు. కీలును బట్టి, జబ్బును బట్టి ఫలితం మారుతుంది.

ఇప్పుడు నా కుడి మోకాలు గ్రేడ్ 4. సంక్రాంతి తర్వాత మార్పిడి ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లోపు కీలులో స్టెరాయిడ్ పడితే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుందని, ఇక సూది మాట ఎత్తొద్దని ఖచ్చితంగా చెప్పేశారు. కార్తీకమాసంలో మాకు గిరాకీ ఎక్కువ, ఏటా ఆ నెలకు ముందే వేయించుకునేదాన్ని. ఈసారి పొయ్యి దగ్గర మా ఆడపడుచు నిలబడుతోంది, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉప్పు సరిపోయిందా లేదా అని అడుగుతూ ఆవిడ ప్రాణం తీస్తున్నాను.