మళ్ళీ ఆడించాలా, ఉన్న ఫలితమే ఉంచాలా?

2023 జనవరిలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఐర్లాండ్ సంప్రదాయ ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో క్లబ్ జట్ల ఫైనల్. డబ్లిన్ జట్టు కిల్మకుడ్ క్రోక్స్ 1-11 (ఒక గోల్, 11 పాయింట్లు), డెర్రీ జట్టు గ్లెన్ 1-9. తేడా రెండు పాయింట్లు. గోల్ అంటే మూడు పాయింట్లు. చివరి క్షణాల్లో గ్లెన్ బంతిని గోల్ ముందుకు కొడుతుంటే, క్రోక్స్ వైపు పదిహేను మందికి బదులు అంతకన్నా ఎక్కువమంది మైదానంలో ఉన్నారు. ఆటగాళ్ళ మార్పిడిలో బయటికి రావాల్సినవాళ్ళు రాలేదు.

మళ్ళీ ఆడించాలనేవారి వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. అదనపు మనిషి ఎక్కడో మూల కాదు, గోల్ దగ్గరే ఉన్నాడు మరి! ఫలితం ఉంచాలనేవారు మాత్రం, ఆ ఒక్కడివల్లే గోల్ ఆగిందని ఎవరు తేల్చగలరంటారు. అదీ నిజమే. పైగా కప్పు అందుకున్నాక పిలిచి మళ్ళీ ఆడమంటే ఏ జట్టుకైనా మనసొప్పదు.

గ్లెన్ ఫిర్యాదుపై పోటీల కమిటీ మ్యాచ్ మళ్ళీ ఆడించాలని ఆదేశించింది. క్రోక్స్ అప్పీలుకు వెళ్ళింది. చివరికి గ్లెన్ తప్పుకుంది, కప్పు క్రోక్స్ దగ్గరే ఉంది. మరుసటి ఏడాది అదే కప్పు గ్లెన్ గెలిచింది.

2010లో ఇదే ఆటలో లీన్‌స్టర్ ప్రాంతపు ఫైనల్‌లో ఓడిన లౌత్ జట్టుకు ఈ పాటి ఆశైనా దక్కలేదు: రిఫరీ పొరపాటు ఒప్పుకున్నా, గెలిచిన మీత్ జట్టు మళ్ళీ ఆడతామనలేదు.